బస్సులు తిరిగాక కూడా కిశోర్ ఎందుకు వెళ్ళలేదు?

మీ ప్రశ్నని ముందు నా మాటల్లో చెప్తాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూసుకోండి. కరోనా టైములో ఎడబాటైన భార్యాభర్తల మీద మొదటి నవల రాస్తున్నారు. కిశోర్ విజయవాడ కృష్ణలంకలో ఉంటాడు, సాఫ్ట్‌వేర్, ఇంటి నుంచే పని. స్వప్న పురిటికని గుంటూరు బ్రాడీపేటలో పుట్టింటికి వెళ్ళి అక్కడే ఉండిపోతుంది. 180 పేజీలు పూర్తయ్యాయి. చదివిన స్నేహితులు "మొదలు బాగుంది, నడుమంతా ఫోన్లే" అన్నారు. చివర్లో 2021 మేలో ఆక్సిజన్ దొరక్క కిశోర్ చనిపోతాడు. ఈ నడుము భాగాన్ని ఎలా నిలబెట్టాలన్నది ఒక ప్రశ్న, ఇప్పుడు కరోనా నవల ఎవరైనా వేస్తారా అన్నది రెండోది. మీరు పెట్టిన నాలుగు అధ్యాయాలూ, కథాసంగ్రహమూ రెండేసి సార్లు చదివాను.

నేను విజయవాడలోనే ఒక ప్రచురణ సంస్థలో ఇరవై ఏడేళ్ళు రాతప్రతులు చదివిన మనిషిని. కొన్ని దిద్దాను, చాలా వాటిని వెనక్కి పంపాను. రిటైరైనా ఆ పాడలవాటు పోలేదు, అందుకే ఈ పెద్ద జవాబు.

రెండో ప్రశ్న తేలిక, ముందు అది తేల్చేద్దాం. జనానికి కరోనా అంటే విసుగన్న మాట నిజం. అయితే ఆ విసుగు మాస్కుల మీద, లెక్కల మీద, టీవీ బులెటిన్ల మీద. మొగుడు పురిటికి రాలేదన్న కథ మీద ఎవరికీ విసుగు పుట్టదు. నవల బాగుంటే వేస్తారు, లేదా మీరే ఐదొందల కాపీలు వేసుకుని జనవరి బుక్ ఎగ్జిబిషన్‌లో అమ్ముకుంటారు. ఆ సంగతి ఇప్పుడు ఆలోచించకండి.

ఇక అసలు విషయం. మీరు ఎంచుకున్న దూరం నాకు చాలా నచ్చింది. నా దగ్గరికి వచ్చిన ఎడబాటు నవలల్లో ముప్పాతిక వంతు ఒకళ్ళు అమెరికాలో, ఒకళ్ళు ఇక్కడ. మీ ఇద్దరి మధ్య ఉన్నది ముప్పై అయిదు కిలోమీటర్లు. పొద్దున టిఫిన్ తిని గుంటూరు వెళ్ళి, పని చూసుకుని, మధ్యాహ్నం భోజనానికి బెజవాడ వచ్చేసే దూరం. కృష్ణలంకలో కరకట్ట ఎక్కి నిలబడితే ఏరు కనిపిస్తుంది, అవతలి గట్టు అంతా అప్పటి గుంటూరు జిల్లా. అత్తగారి జిల్లా కంటికి ఆనుతోంది, వెళ్ళాలంటే వారధి మీద పోలీసులు, బ్యారేజీ మీద పోలీసులు. ఇలాంటి ఏర్పాటు దొరికినందుకు రచయిత దణ్ణం పెట్టుకోవాలి. మీరేమో వారధిని రెండు వాక్యాల్లో దాటేశారు! కిశోర్‌ని రోజూ సాయంత్రం ఆ కట్ట దాకా నడిపించండి, వీధికి బారికేడ్ కట్టేవరకూ. ఏప్రిల్లో బ్యారేజీ కింద ఏట్లో నీళ్ళుండవు, ఇసుకే. ఆ ఇసుక మీద నడిచి అవతలికి పోవచ్చు కదా అని ఒక్కసారైనా అతనికి తోచకుండా ఉంటుందా?

నవల మొదలుపెట్టే ముందు గోడకి ఒక క్యాలెండర్ తగిలించుకోవాల్సింది. పాఠకుడు ఇందులో క్షమించడు, ఎందుకంటే ఆ రోజులు అతనూ బతికాడు. మీ కిశోర్ 2020 ఏప్రిల్లో కనకదుర్గ ఫ్లైఓవర్ మీద నిలబడి ఖాళీ ఊరుని చూస్తాడు. దృశ్యం బాగానే ఉంది గానీ ఆ ఫ్లైఓవర్ తెరిచింది 2020 అక్టోబరు 16న. స్వప్న ఆధార్ కార్డు మీద "ఎన్టీఆర్ జిల్లా" అని రాశారు. ఆ జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4న, అప్పటికి మనది కృష్ణా జిల్లాయే. కిశోర్ తమ్ముడు జూన్‌లో హైదరాబాద్ నుంచి ఆర్టీసీ బస్సులో దిగుతాడు. రెండు రాష్ట్రాల ఆర్టీసీలకీ ఒప్పందం కుదిరి బస్సులు అటూ ఇటూ తిరగడం మొదలైంది నవంబరు 2న. జూన్‌లో రావాలంటే మన ప్రభుత్వం స్పందన పోర్టల్లో ఈ-పాస్ పెట్టుకుని, కారు మాట్లాడుకుని, జగ్గయ్యపేట దాటక ముందు గరికపాడు చెక్‌పోస్టులో ఆగి రావాలి. బస్సు కంటే ఆ ప్రయాణమే మంచి అధ్యాయమవుతుంది.

ఇంకో వింత, మీ నవల్లో ఉగాది లేదు. లాక్‌డౌన్ మొదటి రోజు 2020 మార్చి 25, ఆ రోజే ఉగాది. వికారి వెళ్ళి శార్వరి వచ్చింది. శార్వరి అంటే రాత్రి. ఇది మీరు కల్పిస్తే సంపాదకురాలిగా నేనే "అతిగా ఉంది, తీసెయ్యండి" అనేదాన్ని. పంచాంగంలోనే ఉంది కాబట్టి వాడుకోండి. వేపపువ్వు కోసం వీధి చివరి చెట్టు దాకా వెళ్ళాలా వద్దా అని మగాళ్ళు గుమ్మంలో నిలబడి ఆలోచించిన రోజది. ఒంటరిగా ఉన్న కిశోర్ ఉగాది పచ్చడి చేసుకున్నాడా? చేసుకుంటే ఎవరిని అడిగి చేసుకున్నాడు, తల్లినా భార్యనా? నవల్లో ఇలాంటివే నిలబడతాయి. చప్పట్లు, దీపాలు, పళ్ళేలు మోగించడం అందరూ రాశారు. మీరు రాసిన ఆ రెండు పేజీలూ కొట్టెయ్యండి.

సరే, ఫోన్లు. మీ స్నేహితులు చెప్పింది తప్పని కాదు గానీ జబ్బు పేరు సరిగ్గా చెప్పలేదు. ఫోన్లు ఎక్కువైనందుకు బోరు కొట్టలేదు. ఆ ఫోన్లలో ఇద్దరే ఉన్నారు, అదీ ఇబ్బంది. మీ మూడో అధ్యాయంలో కిశోర్ అంటాడు: "నువ్వు లేని ఈ ఇల్లు శూన్యంగా ఉంది స్వప్నా." స్వప్న వెక్కివెక్కి ఏడుస్తుంది. పుట్టింట్లో, అమ్మా నాన్నా తమ్ముడూ నాయనమ్మా ఉన్న మూడు గదుల ఇంట్లో, అందరూ ఇరవై నాలుగ్గంటలూ ఇంట్లోనే ఉన్న రోజుల్లో, ఎనిమిదో నెల కడుపుతో ఉన్న పిల్లకి వెక్కివెక్కి ఏడవడానికి చోటెక్కడ దొరికింది? ఫోన్ దృశ్యం రాసేటప్పుడు మొదట తేల్చుకోవాల్సింది ఫోను ఎవరి చేతిలో ఉంది, గదిలో ఇంకెవరున్నారు అన్నది. మాటలు ఆ తర్వాత వాటంతటవే వస్తాయి. నేనైతే ఇలా మొదలుపెడతాను:

ఫోను మరచెంబుకి ఆనించి ఉంది. తెర మీద స్వప్న గడ్డం, పైన తిరుగుతున్న ఫ్యాను.

"గ్యాస్ వచ్చిందా అండీ?"

"నిన్న వచ్చింది. డబ్బులు గడప మీద పెట్టి లోపలికి పొమ్మన్నాడు."

"బియ్యం డబ్బాలో వేపాకు వేశారా? పురుగు పడుతుంది."

"వేశాను."

వెనక గిన్నె చప్పుడు. "అల్లుడుగారు భోంచేశారేమో అడగవే."

"భోంచేశారా అండీ?"

"ఆఁ. నువ్వు?"

"ఉండండి, మేడ మీద బట్టలున్నాయి, తెస్తాను." మెట్లు. తెర మీద గోడ, చీర కుచ్చిళ్ళు, మళ్ళీ గోడ. సగంలో ఆగి ఊపిరి తీసుకున్న చప్పుడు. పైన తలుపు గడియ పడింది. 

"ఏరా, వేపాకు వెయ్యలేదు కదూ?"

ఇందులో ఎవరూ ఎవరినీ ప్రేమిస్తున్నానని చెప్పలేదు. తల్లి వింటున్నంతసేపూ "అండీ", గడియ పడగానే "ఏరా". మన భాషలో ఈ సౌకర్యం ఉండగా శూన్యాలూ కన్నీళ్ళూ ఎందుకు? నవల నడుస్తున్న కొద్దీ ఈ "ఏరా" ఎన్నిసార్లు వస్తోందో పాఠకుడు తనకి తెలియకుండానే లెక్కపెట్టుకుంటాడు. జులైకి ఆమె మేడ మీద ఒంటరిగా ఉండి కూడా "అండీ" అందనుకోండి. మీరు ఒక్క ముక్క వివరించక్కర్లేదు, చదివేవాడి గుండె జారుతుంది.

నడుముకి ఇంకో వెన్నెముక కూడా ఉంది, మీరు చూడలేదు. లాక్‌డౌన్ ఒకటి, రెండు, మూడు అని అధ్యాయాలు విడగొట్టారు. ఏప్రిల్ 14, మే 3, మే 17, మే 31. అవి ప్రభుత్వం తేదీలు. పాప మే 12న పుట్టింది కదా, అక్కడి నుంచి పాప క్యాలెండర్ పట్టుకోండి. పదకొండో రోజు పురుడు, ఇరవై ఒకటో రోజు బారసాల, ఆరు వారాలకి, పది వారాలకి, పద్నాలుగు వారాలకి టీకాలు, తర్వాత బోర్లాపడటం. నవ్వితే నువ్వుండలు, బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు. పిల్ల నవ్విందని బ్రాడీపేటలో నువ్వుండలు పంచుతారు, కృష్ణలంకలో తండ్రికి ఫోటో వస్తుంది. మీ సంగ్రహంలో గుంటూరుకి వారానికి రెండుసార్లు వెళ్ళే మందుల వ్యాను ఒకటుంది, కిశోర్ ఆ డ్రైవరుతో డైపర్లు పంపిస్తాడు. అది చాలా మంచి ఊహ. మనుషులు దాటలేని రోజుల్లో పాలు దాటాయి, మందులు దాటాయి, కూరగాయలు దాటాయి. ఆ వ్యానులోనే నువ్వుండలు వెనక్కి రానివ్వండి.

ఇక్కడే మీకు అసలు చిక్కు ఉంది. ఆ వ్యానులో డ్రైవరు పక్క సీటు ఖాళీగానే ఉంటుంది కదా. కిశోర్ అందులో ఎందుకు ఎక్కలేదు?

ఏప్రిల్లో అయితే జవాబు ఉంది: రెడ్‌జోన్, పోలీసులు, కేసు పెడతారు. మే 21న? ఆ రోజు నుంచి మన రాష్ట్రం లోపల ఆర్టీసీ బస్సులు తిరిగాయి. సీట్లు తగ్గించి, మాస్కులు పెట్టించి, తిప్పారు. పాపకి అప్పటికి తొమ్మిది రోజులు. కృష్ణలంకలో కిశోర్ వీధికి బారికేడ్ ఇంకొన్నాళ్ళు ఉందనుకుందాం, జూన్ నడిమికి అదీ తీసేసినట్టు రాసుకోండి. అక్కడి నుంచి బస్టాండు నడిచి వెళ్ళే దూరం, గంట ప్రయాణం. మీ సంగ్రహం ప్రకారం కిశోర్ పాపని మొదటిసారి చూసింది ఆగస్టు ఆఖర్లో. మే 21 నుంచి ఆగస్టు ఆఖరు దాకా మీ నవల్లో ఒక్కటే వాక్యం ఉంది, "పరిస్థితులు అనుకూలించలేదు" అని.

బాబూ, ఆ వాక్యం కిందే ఉంది మీ నవలంతా. మే 20 దాకా నడిచింది ప్రభుత్వం కథ. రోడ్డు మూసేస్తే ఆగిపోవడానికి మనిషికి గుణగణాలు అక్కర్లేదు. రోడ్డు తెరిచాక ఆగిపోయినవాడే పాత్ర.

మీకు ధైర్యం రావడానికి నా సంగతి చెప్తాను. ఇది మా వారికి కూడా ఇంతవరకూ చెప్పలేదు. 2020 మార్చి 20న నాలుగు రోజులుందామని గుంటూరులో మా అక్క దగ్గరికి వెళ్ళాను. మా ఇల్లు సత్యనారాయణపురం. ఆ నాలుగు రోజులూ రెండు నెలలైపోయాయి. మా వారికి అప్పటికి అరవై నాలుగు, కాఫీ తప్ప ఏదీ పెట్టుకోవడం రాదు. రోజూ ఫోన్లో వంట చెప్పేదాన్ని. మే నెలలో ఆయన మామిడికాయలు తెప్పించుకుని, నేను ఫోన్లో కొలతలు చెప్తుంటే, ఆవకాయ కలిపారు. గుంటూరు మిర్చి యార్డు అప్పుడు సీజన్ మధ్యలో మూతబడి ఉంది, రైతుల కాయ కోల్డ్ స్టోరేజీల్లో ఇరుక్కుంది. ఈయనేమో బెజవాడలో కారం దొరకడం లేదని ప్యాకెట్ కారం పోశారు. మూడో రోజు తిరగకలిపి ఉప్పు చూడమన్నాను. చూసి, "సరిపోయింది" అన్నారు. ఆయన నోటితో సరిపోయిందంటే నమ్మకూడదని ముప్పై ఎనిమిదేళ్ళ అనుభవం, అయినా ఊరుకున్నాను.

మే 21న బస్సులు మొదలయ్యాయి. నేను 30న బయల్దేరాను. మధ్యలో తొమ్మిది రోజులు ఉన్నాయి. అక్కకి నడుము నొప్పి అని చెప్పాను. నిజంగానే ఉంది, కానీ దానికి ముందూ ఉంది, తర్వాతా ఉంది. అసలు సంగతి ఏమిటంటే ఆ రెండు నెలల్లో మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా ఎవరూ నన్ను ఏదీ అడగలేదు. పెళ్ళయ్యాక అలాంటి మధ్యాహ్నాలు నాకు తెలియవు. ఆయన మీద ప్రేమ లేక కాదు. రోజూ బెంగే, రాత్రి ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టేది కాదు. అయినా ఇంకొక్క మధ్యాహ్నం, ఇంకొక్కటి అని తొమ్మిది గడిపాను. ఇంటికొచ్చి చూస్తే ఆవకాయని స్టీలు క్యాన్లో పెట్టారు, జాడీ అటక మీద ఉందని ఆయనకి తెలియదు. మూత తీస్తే లోపల అంచు నల్లబడి ఉంది. ఆయన గుమ్మంలో నిలబడి నా ముఖం చూస్తున్నారు. బాగుందన్నాను. పారబొయ్యడానికి మనసు రాలేదు, తినడానికి ధైర్యం చాల్లేదు, వారం రోజులు క్యాను గట్టు మీదే ఉంది.

కిశోర్‌కీ ఇలాంటి తొమ్మిది రోజులు ఉండాలి, ఇంకా ఎక్కువే ఉండాలి. అవి ఏమిటో మీరే కనిపెట్టాలి. నాకు తోచినవి చెప్తాను, నచ్చితే తీసుకోండి. తండ్రి కావడం ఫోన్లో తేలిగ్గా ఉంది. పాప ఏడిస్తే కాల్ కట్ చెయ్యొచ్చు. జీవితంలో మొదటిసారి ఒక్కడే ఉంటున్నాడు, మధ్యాహ్నం నిద్రపోతున్నాడు, అర్ధరాత్రి గుడ్డు వేయించుకు తింటున్నాడు. అది బాగుందని తనకే తెలిసి సిగ్గుపడుతున్నాడు. దానికి తోడు నిజమైన భయం కూడా ఉంది, తన వల్ల పాపకి అంటుకుంటే? ఈ భయాన్ని అబద్ధం చెయ్యొద్దు. నిజమైన భయం వెనక చిన్న స్వార్థం దాక్కోవడమే ఇందులో రుచి.

అత్తగారిని విలన్ చేశారు, అది నాకు నచ్చలేదు. ఏప్రిల్ చివర్లో కృష్ణలంకలో ఒక లారీ డ్రైవరు పేకాట వల్ల చాలామందికి అంటుకుందని స్వయంగా కలెక్టరే చెప్పారు, టీవీల్లో మోగిపోయింది. గుంటూరులో కూర్చున్న ఆవిడకి కృష్ణలంక అంటే అదే. "మీ ఆయన కూడా పేకాట ఆడతాడటే?" అని కూతుర్ని అడిగిందనుకోండి, నవ్వూ వస్తుంది, కిశోర్‌కి కోపమూ వస్తుంది. కానీ ఆవిడ ఇంట్లో షుగర్ ఉన్న భర్త ఉన్నాడు, ఎనభై దాటిన అత్త ఉంది, పచ్చి బాలింత ఉంది. ఆవిడ రావద్దనడంలో న్యాయం ఉంది. ఆవిడ దాన్ని సూటిగా అనదు కూడా. పంచాంగం తీస్తుంది. జూన్ 22 నుంచి ఆషాఢం, పసిపిల్లతో బాలింతని అత్తారింటికి పంపకూడదు. మూడో నెల దాటిపోయింది కాబట్టి అయిదో నెల. ఈలోగా సెప్టెంబరు 18 నుంచి అధిక ఆశ్వయుజం, శుభకార్యాలకి పనికిరాదు, అది అక్టోబరు 16 దాకా. ఆ ఏడాది తిథులు కూడా ఆవిడ పక్షాన్నే ఉన్నాయి! మర్నాడు 17న దసరా నవరాత్రులు మొదలు. పాపకి అప్పటికి అయిదు నెలలు నిండాయి. మీ నవలకి ఆఖరి రోజు నేనైతే అక్కడ పెట్టుకుంటాను, స్వప్న పాపతో కృష్ణలంక గుమ్మంలోకి వచ్చిన రోజు.

అంటే కిశోర్‌ని చంపొద్దు అంటున్నాను. కోపం తెచ్చుకోకండి. 2021 మేలో ఎంతమంది పోయారో మనకి తెలుసు, మా వీధిలోనే ముగ్గురు. మీ చివరి అధ్యాయం చదువుతుంటే నాకూ కళ్ళు తడిశాయి. కానీ అవి ఆ రోజుల కోసం వచ్చిన నీళ్ళు, కిశోర్ కోసం కాదు. అతను చచ్చిపోతే స్వప్న అతన్ని "నువ్వు ఎందుకు రాలేదు" అని ఎప్పటికీ అడగలేదు. మీకు ఆ దృశ్యం రాయడం కష్టంగా ఉండి అతన్ని చంపేశారని నా అనుమానం. రచయితలు చాలామంది ఇదే చేస్తారు.

సెకండ్ వేవ్ వేరే నవల. 2021 మే 5 నుంచి మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ, పల్స్ ఆక్సీమీటర్లో 94 కంటే తగ్గిందా లేదా అన్న ఒక్కటే మాట, తెలంగాణ సరిహద్దులో మన అంబులెన్సుల్ని ఆపడం, 14న అక్కడి హైకోర్టు స్టే ఇచ్చాక అవి కదలడం. దాని ఊపిరే వేరు. మొదటి వేవ్‌లో మనకి భయం ఎక్కువ, చావులు తక్కువ. రెండో దాంట్లో భయపడటానికి కూడా టైము లేదు. రెంటినీ ఒకే సంచీలో కుక్కితే రెండూ నలుగుతాయి. అలాగే 2020 ఆగస్టు 9న విజయవాడలో కొవిడ్ కేర్ సెంటర్‌గా నడుస్తున్న హోటల్లో మంటలు లేచి పది మంది పోయిన ఘటనలో కిశోర్ తమ్ముడు తప్పించుకున్నట్టు అరపేజీ రాశారు. ఆ కుటుంబాలు ఇంకా మన మధ్యే ఉన్నాయి. మలుపు కోసం వాడుకునే సరుకు కాదది, తీసెయ్యండి.

కలయిక దృశ్యం గురించి కూడా ఒక మాట. ఇద్దరూ పరుగున వచ్చి కౌగిలించుకున్నట్టు రాశారు. మన ఆడవాళ్ళు పాడుకునే ఊర్మిళ నిద్ర పాటలో ఏం జరుగుతుందో మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. పద్నాలుగేళ్ళ తర్వాత లక్ష్మణుడు వచ్చి మంచం మీద కూర్చుంటే ఊర్మిళ ఎవరో పరాయివాడనుకుని బెదిరిపోతుంది, అతన్ని హెచ్చరిస్తుంది. వంటింట్లో పాడుకున్న ఆ మనుషులకి ఎడబాటంటే ఏమిటో మనకంటే బాగా తెలుసు. స్వప్నకి కిశోర్ గడ్డం కొత్త. ఇంట్లో వాసన కొత్త. తన గిన్నెలు తన చోట లేవు. అతను స్నానం చేసి, బట్టలు వేడినీళ్ళలో పడేసి, దూరంగా నిలబడి ఉన్నాడు, దగ్గరికి రావచ్చా అని అడగాలా వద్దా తెలియక. 

ఒక చిన్న సవరణ కూడా. పాప తండ్రిని చూసి గుక్కపట్టి ఏడ్చిందని రాశారు. ఆగస్టులో దానికి మూడు నెలలు, ఆ వయసు పిల్లలు ఎవరెత్తుకున్నా నవ్వుతారు. కొత్త తెలిసి ఏడవడం సాధారణంగా ఏడు, ఎనిమిది నెలల మాట. అక్టోబరుకి మార్చినా ఏడవదు, తేరిపార చూస్తుంది. చూడనివ్వండి. ఫోన్లో చూసిన ముఖమేనా ఇది అన్నట్టు అయిదు నెలల పిల్ల కళ్ళార్పకుండా చూస్తుంటే తండ్రి పడే ఇబ్బంది ఏడుపు కంటే ఎక్కువ.

ఆ దృశ్యానికి ముందు ఒకటి కావాలి, కిశోర్ ఎప్పుడు కదిలాడన్నది. నా ఊహ చెప్తాను. పాప బోర్లాపడింది. బ్రాడీపేటలో బొబ్బట్లు చేశారు. స్టీలు డబ్బాలో నాలుగు పెట్టి వ్యానులో పంపారు. రాత్రి తొమ్మిదికి కిశోర్ నిలబడే ఒకటి తింటాడు, నెయ్యి వేసుకోడు. రెండోది తింటాడు. మూడోది చేతిలో ఉండగా డబ్బా అడుగున కాగితం కనిపిస్తుంది, స్వప్న చేతిరాతలో: డబ్బా తిరిగి పంపండి, అమ్మది. అంతే ఉంది. "పంపండి" అని ఉంది. ఆ "అండి" దగ్గర అతను తినడం ఆపాలి. డబ్బా కడిగి, తుడిచి, మర్నాడు పొద్దున వ్యాను దగ్గరికి తీసుకెళ్ళి, డ్రైవరు చెయ్యి చాపితే ఇవ్వకుండా అటు పక్క తలుపు తెరవాలి. ఇది నా బొబ్బట్టు, మీకు మీదేదో దొరుకుతుంది.

ముందు మే 21 అధ్యాయం ఒక్కటే కొత్తగా రాసి పెట్టండి, చదువుతాను. బస్టాండు దాకా వెళ్ళి తిరిగొచ్చినా సరే, అసలు మంచం దిగకపోయినా సరే, ఆ రోజు పొద్దున్నించి రాత్రి దాకా కిశోర్ ఏం చేశాడో గంట గంటకీ నాకు కావాలి. పేజీలు తగ్గించే పని తర్వాత చూద్దాం.

అన్నట్టు నాలుగో అధ్యాయంలో ఏప్రిల్ 10 రాత్రి స్నేహితుడి కారులో దొంగతనంగా బయల్దేరి, కాజ టోల్‌గేట్ దగ్గర ఫాస్టాగ్‌లో డబ్బుల్లేక ఆగిపోయినట్టు రాశారు. మార్చి చివరి నుంచి ఏప్రిల్ 20 దాకా హైవేల మీద టోల్ వసూలు లేదు. గేటు ఎత్తే ఉంటుంది.